డాబా మీది టెలిస్కోప్‌కు ఐపీస్‌లు, ఆవర్ధనం ఎంచుకోవడం ఎలా: హైదరాబాద్ పరిశీలకులకు సమగ్ర మార్గదర్శి

కొత్తగా టెలిస్కోప్ కొన్న ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న ‘ఇది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది?’ అన్నదే. అమ్మేవారికీ ఈ సంగతి తెలుసు కనుకనే పెట్టె మీద ‘525 ఎక్స్’, ‘675 ఎక్స్’ అన్న అంకెలు పెద్ద అక్షరాల్లో అచ్చవుతుంటాయి. నిజానికి ఎంత చిన్న టెలిస్కోప్‌తోనైనా ఎన్ని రెట్లయినా సాధించవచ్చు. ఆ రెట్ల దగ్గర కనిపించే బొమ్మ చూడదగినదిగా ఉంటుందా అన్నదే అసలు ప్రశ్న. అందుచేత ఐపీస్‌ను, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కటకాల గొట్టాన్ని, రెట్లను చూసి కాక, దాని నుంచి కంటిలోకి వచ్చే కాంతిపుంజం వెడల్పును చూసి కొనాలి. తక్కువ రెట్ల ఐపీస్‌తో మొదలుపెట్టి, ఎక్కువ రెట్లదాన్ని చివరన కొనాలి. ఈ రెండు మాటలూ ఎందుకు చెబుతున్నానో, మన నగరపు ఆకాశానికి అవి ఎలా వర్తిస్తాయో కింద వివరంగా ఉంది.

మొదటి అడుగు: గొట్టం మీది అంకెలు చదవడం

ప్రతి టెలిస్కోప్ గొట్టం మీదా, సాధారణంగా ఫోకసర్ (ఐపీస్‌ను పెట్టి ముందుకూ వెనక్కీ జరిపే భాగం) పక్కనే, ఒక చీటీ అంటించి ఉంటుంది. అందులో రెండు అంకెలు మనకు కావాలి. ఒకటి ముందున్న కటకం లేదా లోపలి పెద్ద అద్దం వ్యాసం, రెండవది నాభ్యంతరం, అంటే ఆ కటకం లేదా అద్దం నుంచి కాంతి ఒకచోట చేరే బిందువు దాకా ఉన్న దూరం. రెండూ మిల్లీమీటర్లలో ఉంటాయి. మన దగ్గర ఎక్కువగా దొరికే 70/700 వక్రీభవన దూరదర్శినిలో వ్యాసం 70, నాభ్యంతరం 700. అలాగే 130/650 న్యూటన్ తరహా పరావర్తక దూరదర్శిని, 200/1200 డాబ్సోనియన్ (చేత్తో తిప్పే పీఠం మీది పరావర్తక దూరదర్శిని) కూడా కొత్తవారు తరచుగా కొనేవే. నాభ్యంతరాన్ని వ్యాసంతో భాగిస్తే వచ్చేది ఎఫ్ నిష్పత్తి. పై మూడింటికీ అది వరుసగా 10, 5, 6.

ఒక్క సంగతి గమనించాలి. గొట్టం అరమీటరు పొడవే ఉండి, చీటీ మీద నాభ్యంతరం 1000 అని ఉన్న న్యూటన్ తరహా టెలిస్కోప్‌లు కొన్ని అమ్ముడవుతున్నాయి. వాటిలో ఫోకసర్ కింద ఒక చిన్న కటకం ఇమిడి ఉండి నాభ్యంతరాన్ని పెంచుతుంది. లెక్కలకు చీటీ మీది అంకెనే తీసుకోవాలి గానీ, అలాంటివాటి నుంచి ఎక్కువ రెట్ల దగ్గర పదునైన బొమ్మను ఆశించకూడదు.

ఫోకసర్ రంధ్రాన్ని కూడా స్కేలుతో కొలిచి పెట్టుకోవాలి. ఇప్పటి ఐపీస్‌లలో ఎక్కువ భాగం 1.25 అంగుళాల గొట్టంతో, అంటే 31.7 మి.మీ. వ్యాసంతో వస్తాయి. మరీ చవక రకాలలోనూ పాతవాటిలోనూ ఈ రంధ్రం 24.5 మి.మీ. మాత్రమే ఉంటుంది; దానికి మంచి ఐపీస్‌లు దొరకడం కష్టం.

రెండవ అడుగు: రెట్లు, వాటి హద్దు

టెలిస్కోప్ నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం, అంటే ఎన్ని రెట్లన్నది, వస్తుంది. 130/650కి 25 మి.మీ. ఐపీస్ పెడితే 26 రెట్లు, 10 మి.మీ. పెడితే 65 రెట్లు. ఐపీస్ మీది అంకె చిన్నదయ్యేకొద్దీ రెట్లు పెరుగుతాయి. పెట్టె మీది 525 ఎలా వచ్చిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది: 700ను 4తో భాగించి, దానికి 3 రెట్ల బార్లో కటకం (ఐపీస్‌కు ముందు అమర్చి రెట్లను పెంచేది) తగిలిస్తే 525.

ఈ అంకె ఎందుకు పనికిరాదో తెలియాలంటే వ్యాసం చేసే పనిని అర్థం చేసుకోవాలి. కాంతి తరంగ స్వభావం వల్ల ప్రతి వ్యాసానికీ ఒక సూక్ష్మతా హద్దు ఉంటుంది. 116ను మిల్లీమీటర్లలోని వ్యాసంతో భాగిస్తే, విడివిడిగా చూపించగల రెండు నక్షత్రాల మధ్య కనీస దూరం కోణీయ సెకన్లలో వస్తుంది. డిగ్రీలో 3600వ వంతు ఒక కోణీయ సెకను. 130 మి.మీ. అద్దానికి ఇది సుమారు 0.9 సెకన్లు. దాన్ని 130 రెట్లు పెంచితే దాదాపు రెండు కోణీయ నిమిషాలవుతుంది, ఆరోగ్యవంతమైన కంటికి ఆ ఎడం తెలుస్తుంది. అంటే మిల్లీమీటరు వ్యాసానికి ఒక రెట్టు చొప్పున పెంచేసరికే టెలిస్కోప్ ఇవ్వగల వివరమంతా దాదాపుగా కంటికి అందుతుంది. మిల్లీమీటరుకు రెండు రెట్ల వరకు వెళితే అదే వివరం మరికాస్త సులువుగా కనబడుతుంది. అంతకు మించి పెంచితే కొత్తగా కనిపించేదేమీ ఉండదు, బొమ్మ మసకబారి పెద్దదవుతుందంతే. కాబట్టి 70 మి.మీ. టెలిస్కోప్‌కు 140, 130కి 260 పై హద్దులు. 200 మి.మీ. అద్దానికి లెక్క ప్రకారం 400 వచ్చినా, మన గాలి అన్ని రెట్లను ఒప్పుకునే రాత్రులు అరుదు.

కొత్తవారి నిరాశకు తరచుగా కారణమయ్యే ఒక భ్రమను కూడా ఇక్కడే తొలగించాలి. గురుగ్రహం భూమికి దగ్గరగా ఉన్నప్పుడు దాని కోణీయ వ్యాసం 45 సెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది. 40 రెట్లు చేస్తే అది 1800 సెకన్లు, అంటే అర డిగ్రీ అవుతుంది. మామూలు కంటికి చందమామ కనిపించే పరిమాణం అదే. అయినా నల్లని వలయం మధ్యలో చూసేసరికి గ్రహం చిన్నదిగా తోస్తుంది, వెంటనే ఇంకా పెంచాలన్న తొందర పుడుతుంది. పెంచడం కన్నా అదే ఐపీస్ దగ్గర పది నిమిషాలు కదలకుండా చూడటం ఎక్కువ ఫలితమిస్తుంది. రెండు గోధుమ రంగు పట్టీలు, నాలుగు ఉపగ్రహాలు క్రమంగా స్పష్టమవుతాయి.

మూడవ అడుగు: కాంతిపుంజం వెడల్పు

ఐపీస్ నుంచి బయటికి వచ్చే కాంతిపుంజం వ్యాసాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ఐపీస్ నాభ్యంతరాన్ని ఎఫ్ నిష్పత్తితో భాగిస్తే అది వస్తుంది. 25 మి.మీ. ఐపీస్‌ను ఎఫ్ 5 టెలిస్కోప్‌లో పెడితే 5 మి.మీ., ఎఫ్ 10 టెలిస్కోప్‌లో పెడితే 2.5 మి.మీ.

దీన్ని కంటితో చూడవచ్చు కూడా. పగటివేళ టెలిస్కోప్‌ను సూర్యుడికి బాగా దూరంగా, ఉత్తరపు ఆకాశం వైపు తిప్పి, తక్కువ రెట్ల ఐపీస్ పెట్టి, జానెడు దూరం వెనక్కి జరిగి చూస్తే ఐపీస్ మధ్యలో చిన్న వెలుగు బిళ్ల గాలిలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. ట్రేసింగ్ కాగితం ముక్కను ఐపీస్‌కు చేరువగా పట్టి మెల్లగా వెనక్కి జరుపుతుంటే ఒకచోట ఆ బిళ్ల అంచు పదునుగా తేలుతుంది. అక్కడ దాని వ్యాసం కొలిస్తే ఎగ్జిట్ ప్యూపిల్. కాగితానికీ ఐపీస్ గాజుకూ మధ్య దూరమే ఐ రిలీఫ్, అంటే కన్ను ఉంచవలసిన చోటు. ఒక్కసారి ఈ పని చేసి చూసినవారికి మిగతా లెక్కలన్నీ సులువుగా ఒంటబడతాయి.

కొనేటప్పుడు గుర్తుంచుకోవలసిన విలువలు ఇవి. నక్షత్ర గుచ్ఛాలను విశాలంగా చూడటానికి, వెతకడానికి 4 నుంచి 5 మి.మీ.; నీహారికలకు, గెలాక్సీలకు 2 నుంచి 3 మి.మీ.; గ్రహాలకు, చందమామ వివరాలకు, జంట నక్షత్రాలకు 0.7 నుంచి 1 మి.మీ. అర మిల్లీమీటరు కన్నా తగ్గితే బొమ్మ చీకటిగా మారడమే కాక, మన కంటి ద్రవంలో తేలే నలకల నీడలు కూడా గ్రహం మీద ఈదుతూ కనిపిస్తాయి.

యువకుల కంటిపాప పూర్తి చీకటిలో 7 మి.మీ. దాకా విచ్చుకోగలదు, వయసుతో పాటు అది తగ్గుతుంది. వీధి దీపాలు, పక్క అపార్ట్‌మెంట్ కారిడార్ లైట్లు పడే మన డాబాల మీద అది పూర్తిగా విచ్చుకోనే విచ్చుకోదు. అందువల్ల నగరంలో 5 మి.మీ.కు మించిన పుంజం కొంత వృథా. పైగా నేపథ్యం బూడిద రంగుగా వెలిగిపోతుంది. రెట్లు కొంచెం పెంచితే ఆకాశమూ నీహారికా రెండూ ఒకే దామాషాలో మసకబారతాయి గానీ, నీహారిక పెద్దదవడం వల్ల కంటికి చిక్కుతుంది. నక్షత్రాలు చుక్కలుగానే ఉండి, నల్లబడిన నేపథ్యం మీద ఎక్కువ సంఖ్యలో బయటపడతాయి. నగరవాసికి అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది 2 మి.మీ. దగ్గరి ఐపీస్ అని నేను నమ్మకంగా చెబుతాను.

నాలుగవ అడుగు: ఎంత ఆకాశం కనిపిస్తుంది

ఐపీస్ వర్ణనలో 52 డిగ్రీలు, 66 డిగ్రీలు అని రాసి ఉండేది దృశ్య క్షేత్రం. దాన్ని రెట్లతో భాగిస్తే నిజంగా కనిపించే ఆకాశపు వెడల్పు సుమారుగా వస్తుంది. 26 రెట్ల దగ్గర 52 డిగ్రీల ఐపీస్ రెండు డిగ్రీల ఆకాశాన్ని చూపిస్తుంది, కృత్తికలు మొత్తం అందులో ఇముడుతాయి. 1.25 అంగుళాల గొట్టంలో 32 మి.మీ. ప్లోస్ల్ (ఆరవ అడుగులో చెప్పిన ఒక రకం ఐపీస్) ఇచ్చే క్షేత్రమే దాదాపు గరిష్ఠం. 40 మి.మీ. ప్లోస్ల్ కొన్నా అంతే ఆకాశం కనిపిస్తుంది కనుక దాని మీద డబ్బు పెట్టనక్కరలేదు.

అమ్మకందారు చెప్పిన అంకె నిజమో కాదో పరీక్షించుకోవచ్చు. చలికాలపు రాత్రి ఓరియన్ నడుము పట్టీలో పడమటి చివరి నక్షత్రమైన మింటాకాను ఐపీస్ అంచున పెట్టి, టెలిస్కోప్‌ను కదపకుండా, అది మధ్యగుండా సాగి ఎదుటి అంచు దాటడానికి పట్టే సెకన్లను లెక్కించాలి. మింటాకా ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, ఆనుకొని ఉంటుంది కనుక, సెకన్లను నాలుగుతో భాగిస్తే క్షేత్రం కోణీయ నిమిషాల్లో వస్తుంది. 192 సెకన్లు పడితే 48 నిమిషాలు, అంటే 0.8 డిగ్రీ. చేత్తో తిప్పే టెలిస్కోప్ ఉన్నవారికి ఈ లెక్క మరో సంగతి కూడా చెబుతుంది: 200 రెట్ల దగ్గర మామూలు ఐపీస్‌లో గ్రహం ఒక నిమిషంలోనే ఈ అంచు నుంచి ఆ అంచుకు జారిపోతుంది. అలాంటివారికి వెడల్పైన దృశ్య క్షేత్రం విలాసం కాదు, అవసరం.

అయిదవ అడుగు: హైదరాబాద్ గాలి, హైదరాబాద్ వెలుగు

మన నగరం 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం గ్రహాలు చూసేవారికి గొప్ప అనుకూలత. గ్రహాలు సూర్యుడి దారికి దగ్గరగానే సంచరిస్తాయి కనుక, అవి దక్షిణాన ఎంత దిగిన ఏడాదిలోనైనా ఇక్కడ మధ్యాకాశానికి వచ్చేసరికి సుమారు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాయి. ఉత్తరాన ఉన్న ఏళ్లలో నడినెత్తికి చేరతాయి. లండన్‌లో ఉన్నవారికి అదే దక్షిణపు గ్రహం 15 డిగ్రీలకు మించి లేవదు. ఎత్తు పెరిగేకొద్దీ కాంతి దాటవలసిన గాలి మందం తగ్గుతుంది, కాబట్టి ఇంగ్లండ్‌లో రాసిన సలహాలలో కనిపించే ‘150 రెట్లు దాటవద్దు’ వంటి జాగ్రత్తలు మనకు యథాతథంగా వర్తించవు.

అయితే మన ఇబ్బంది పైగాలిలో కన్నా కాళ్ల కింది శ్లాబులో ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి పొద్దుపోయేదాకా వేడిని వదులుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి గొట్టం ముందు నుంచి పైకి లేస్తుంటే గురుడి అంచు ఏటి అడుగున రాయిలా అల్లాడుతుంది. ఇది ఐపీస్ లోపం కాదు. సాయంత్రమే డాబా మీద నీళ్లు చల్లి ఆరనివ్వడం, పిట్టగోడకూ ఏసీ ఔట్‌డోర్ యూనిట్లకూ దూరంగా టెలిస్కోప్ నిలపడం, పక్కింటి శ్లాబు మీదుగా కాక ఎత్తున ఉన్న గ్రహాన్నే చూడటం, వీలైతే రాత్రి పదకొండు దాటాక ఎక్కువ రెట్లకు వెళ్లడం మేలు. మట్టి నేల ఉన్న పెరడు దొరికితే శ్లాబు కన్నా ఎంతో నయం.

గాలి ఎంత నిలకడగా ఉందో తెలుసుకోవడానికి, ఎత్తున ఉన్న ఒక మోస్తరు నక్షత్రాన్ని 100 రెట్ల పైన చూడాలి. చిన్న బిళ్ల, దాని చుట్టూ పలుచని వలయం నిలిచి కనబడితే ఆ రాత్రి పై హద్దు దాకా వెళ్లవచ్చు. దూదిపింజలా ఉబ్బి ఉంటే 100 దగ్గరే ఆగాలి. న్యూటన్ తరహా టెలిస్కోప్‌లో అద్దాల అమరిక తప్పినా బొమ్మ చెడుతుంది కనుక, కొత్త ఐపీస్ కొనే ముందు కాలిమేషన్ సరిచూసుకోవాలి.

నగర దీపాల సంగతి వేరు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల బేగంపేటలో 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినితో దశాబ్దాల పాటు పనిచేసింది. నగరం పెరిగాక ఉస్మానియా విశ్వవిద్యాలయం తన 48 అంగుళాల దూరదర్శినిని ఊరికి దూరంగా జాపాల్-రంగాపూర్‌లో నెలకొల్పుకోవలసి వచ్చింది. ఏ ఐపీస్ కూడా గచ్చిబౌలి ఆకాశాన్ని అనంతగిరి ఆకాశంగా మార్చలేదు. కానీ గ్రహాలకు, చందమామకు, జంట నక్షత్రాలకు ఈ వెలుగు అడ్డు కాదు. నగరంలో ఉండేవారు ఐపీస్‌కు కేటాయించిన డబ్బులో ఎక్కువ భాగాన్ని ఈ వైపు పెట్టడం వివేకం.

ఆరవ అడుగు: రకాలు, కళ్లద్దాలు, బార్లో

చవక టెలిస్కోప్‌లతో వచ్చే ఐపీస్‌ల మీద ‘హెచ్’ లేదా ‘ఎస్‌ఆర్’ అన్న అక్షరాలు ఉంటే అవి హైగెన్స్, రామ్స్‌డెన్ రకాలు. క్షేత్రం ఇరుకు, ఎఫ్ 5 వంటి టెలిస్కోప్‌లలో అంచులు చెదిరిపోతాయి. ‘కే’ అంటే కెల్నర్, తక్కువ రెట్లకు ఫరవాలేదు. నాలుగు కటకాల ప్లోస్ల్ రకం 50 డిగ్రీలకు పైగా క్షేత్రం ఇస్తూ, ధరకు తగిన నాణ్యతతో దొరుకుతుంది. దీని బలహీనత ఐ రిలీఫ్. అది ఐపీస్ నాభ్యంతరంలో దాదాపు ముప్పాతిక వంతు మాత్రమే కనుక, 25 మి.మీ. ప్లోస్ల్‌లో హాయిగా చూడవచ్చు గానీ 6 మి.మీ. ప్లోస్ల్‌కు కనురెప్పలు గాజును తాకుతాయి. అందుకే 10 మి.మీ. కన్నా చిన్నవాటిలో ప్లోస్ల్ మానేసి, 15 మి.మీ. దాకా ఐ రిలీఫ్ ఉండే 60 నుంచి 66 డిగ్రీల రకాలు చూడాలి. పిల్లలకు, మొదటిసారి చూసేవారికి ఈ తేడా చాలా పెద్దది.

దీర్ఘదృష్టి, హ్రస్వదృష్టి మాత్రమే ఉన్నవారు కళ్లద్దాలు తీసేసి ఫోకసర్ తిప్పుకుంటే సరిపోతుంది. అసమదృష్టి (ఆస్టిగ్మాటిజం) ఉన్నవారికి మాత్రం వెడల్పైన పుంజం దగ్గర నక్షత్రాలు గీతలుగా సాగుతాయి. వారు తక్కువ రెట్ల ఐపీస్‌ను కళ్లద్దాలతో చూడగలిగేలా 15 నుంచి 20 మి.మీ. ఐ రిలీఫ్ ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ఒక మిల్లీమీటరు పుంజం దగ్గర చాలామందికి కళ్లద్దాల అవసరమే ఉండదు.

మంచి 2 రెట్ల బార్లో ప్రతి ఐపీస్‌ను రెండుగా మారుస్తుంది, ఐ రిలీఫ్‌ను తగ్గించదు. అయితే 20, 10 మి.మీ. రెండూ ఉన్నవారికి 20తో బార్లో వాడితే మళ్లీ 10 వస్తుంది. 25, 10 ఉంటే 12.5, 5 అదనంగా దొరుకుతాయి. టెలిస్కోప్ పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ 3 రెట్ల బార్లోను పక్కన పెట్టేయాలి. 8 నుంచి 24 మి.మీ. జూమ్ ఐపీస్ సౌకర్యమైనదే గానీ, 24 దగ్గర దాని క్షేత్రం 40 డిగ్రీలకు ఇరుకవుతుంది కనుక అది విశాల దృశ్యానికి బదులు కాదు.

పెట్టెలో ‘సన్’ అని రాసిన చిన్న నల్ల గాజు, ఐపీస్‌కు బిగించేది, కనిపిస్తే దాన్ని వెంటనే పగలగొట్టి పారేయాలి. కేంద్రీకృతమైన ఎండ వేడికి అది చూస్తుండగానే పగిలి కంటిచూపును శాశ్వతంగా పోగొట్టగలదు. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగమంతా కప్పే ప్రత్యేక సౌర ఫిల్టర్‌నే వాడాలి.

ఏడవ అడుగు: ఏ టెలిస్కోప్‌కు ఏవి

70/700 ఉన్నవారు ముందుగా 32 మి.మీ. ప్లోస్ల్ తీసుకోవాలి. 22 రెట్లు, 2.3 డిగ్రీల ఆకాశం, 3.2 మి.మీ. పుంజం వస్తాయి. తరువాత 15 మి.మీ. దగ్గరిది ఒకటి, చివరన 7 లేదా 6 మి.మీ. ఒకటి. ఆరుతో 117 రెట్లు వస్తాయి, అంతకన్నా చిన్న ఐపీస్ గానీ బార్లో గానీ దీనికి అనవసరం.

130/650కి 25 మి.మీ. ప్లోస్ల్ తరచుగా టెలిస్కోప్‌తో పాటే వస్తుంది, దాన్ని ఉంచుకోవచ్చు. మొదట కొనవలసింది 9 లేదా 10 మి.మీ. మంచి ఐపీస్, ఎఫ్ 5 దగ్గర అది 2 మి.మీ. పుంజం ఇస్తుంది. దానికి ఒక 2 రెట్ల బార్లో చేరిస్తే 130 రెట్లు దాటి శని వలయాల మధ్య కాసీని విభాగం అనే నల్లని ఎడం కనిపించే స్థాయికి చేరవచ్చు. 200/1200కి 32 మి.మీ., 12 మి.మీ., 6 మి.మీ. చక్కని వరుస. ఆరుతో 200 రెట్లు, ఒక మిల్లీమీటరు పుంజం. ఈ టెలిస్కోప్ బలమంతా బయటపడేది ఇక్కడే.

రాత్రి వీటిని వాడే క్రమం కూడా ఇదే. ఎప్పుడూ తక్కువ రెట్లతో వస్తువును మధ్యకు తెచ్చి, ఆ తరువాతే ఐపీస్ మార్చాలి. వృశ్చికం తోక దగ్గరి టాలెమీ గుచ్ఛం డిగ్రీకి పైగా పరచుకొని ఉంటుంది కనుక 20 నుంచి 40 రెట్లలోనే అందం. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు లేచే ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛాన్ని 50 రెట్ల దగ్గర పొగమచ్చగా పట్టుకొని, 100కు పెంచితే అంచులలోని నక్షత్రాలు విడివడటం మొదలవుతుంది. ఉత్తర దేశాల వారికి దక్కని ఈ దృశ్యం కోసం దక్షిణపు దిక్కు తెరిపిగా ఉన్న చోటు వెతుక్కోవడం సార్థకమే. ఓరియన్ నీహారికకు 40, దాని నడుమ ఉన్న నాలుగు నక్షత్రాలకు 80. పునర్వసులోని కాస్టర్ జంటను విడదీయడానికి 100. చందమామకు గాలి ఒప్పుకున్నన్ని.

సంరక్షణ

ఏసీ గదిలోంచి ఐపీస్‌లను నేరుగా వానాకాలపు డాబా మీదికి తెస్తే గాజు మీద ఆవిరి పడుతుంది. వాటిని సంచిలోనే మూసి ఉంచి అరగంట బయట పెట్టాక తెరవాలి. పట్టిన ఆవిరిని గుడ్డతో తుడవకుండా దానంతటదే ఆరనివ్వాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల వల్ల వారాల తరబడి వాడకుండా ఉండిపోతాయి కనుక, ఆ రోజుల్లో గాజు మీద బూజు పట్టే ప్రమాదం ఉంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, పొట్లాలను అప్పుడప్పుడు మార్చాలి. దుమ్మును రబ్బరు బ్లోయర్‌తోనే ఊదాలి. వేలిముద్ర పడితే మాత్రం లెన్స్ కాగితం మీద ఒక చుక్క ఐసోప్రోపైల్ ఆల్కహాల్ వేసి, మధ్య నుంచి అంచుకు అదమకుండా తుడవాలి. ద్రవాన్ని నేరుగా గాజు మీద పోస్తే అది అంచుల సందుల్లోంచి కటకాల మధ్యకు దిగుతుంది.